డబ్బా సూత్రానికి సర్వంకష

మూలము:

ఉపరితలమును సమ్యక్కుగా శుభ్రపరచి, శుష్కమైన పిదప, పలుచని రెండు పూతలు పూయవలెను. అవసరమైనచో నిపుణుని సంప్రదించవలెను.

అవతారిక:

ఈ సూత్రకర్త పేరు తెలియదు. నాలుగు లీటర్ల రంగు డబ్బా వెనక, ధర చీటీ కింద సగం నక్కి ఇది దొరికింది. కర్త తన పేరు దాచుకోవడం కావ్యాల్లో వినయం. డబ్బాల మీద జాగ్రత్త.

నేవీలో పదిహేనేళ్లు చేసి బయటపడ్డ మా మేనల్లుడు ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. పద్దెనిమిది అడుగులది, ఫైబరుది. డెక్కు మీద రంగు పెచ్చులు లేచి ఉంది. తాళ్లు బిగించే కొక్కేలు పాలపళ్లలా ఊగుతున్నాయి. విశాఖ ఫిషింగ్ హార్బరు పక్కన ఒడ్డుకు ఎక్కించాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం కదా. ఊళ్లో ఉన్న బోట్లన్నీ అప్పుడే మరమ్మతుకు వస్తాయి. మనిషిని మాట్లాడదాం రా అంటే మావాడు వినలేదు. మన విశాఖ అమ్మాయి లెఫ్టినెంట్ కమాండర్ స్వాతి ఉన్న తారిణి పడవ 2017–18లో 254 రోజుల్లో ప్రపంచం చుట్టొచ్చిందనీ, చివరాఖర్న చుక్కాని తిప్పే సరంజామా చెడి మారిషస్‌లో ఆగాల్సొచ్చిందనీ, నడిసముద్రంలో మేస్త్రీ దొరకడనీ బోధించి, "మనమే చేసేసుకుందాం మావయ్యా" అన్నాడు.

ఇక్కడ వ్యాకరణం గమనించాలి. మనము అనేది వినేవాణ్ణి కలుపుకున్న బహువచనం. ఆచరణలో అన్నవాడు జారిపోయి విన్నవాడు మిగిలే ఏకవచనం. ముప్పై ఏళ్లు సంస్కృతం చెప్పి రిటైరైన నేను సుద్దముక్క కంటే బరువైన పనిముట్టు ఎత్తి ఎరగను.

వ్యాఖ్య పేరు సంగతి. మెదక్ జిల్లా కొల్చారం మనవాడైన మల్లినాథసూరి కిరాతార్జునీయానికి ఘంటాపథం రాశాడు, మాఘుడి కావ్యానికి సర్వంకష రాశాడు. సర్వంకష అంటే దేన్నీ వదలకుండా ఒరుసుకుంటూ పోయేది. అరవై నంబరు ఎమ్రీ పేపరుతో మూడు రోజులు డెక్కు గీకాక, ఆ పేరు ఏ గ్రంథం కన్నా ఈ కాగితానికే తగునని తేలింది. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ సూరిగారి ప్రతిజ్ఞ. మొదటి సగం పాటిస్తాను.

టీక:

ఉపరితలమును: ఉపరి అంటే పైన, తలము అంటే చోటు. వెరసి డెక్కు. డెక్కు అంటే హార్బరులో చీమిడి ముక్కు కుర్రాడికీ తెలుసు. పక్క బోటుకు రంగు వేస్తున్న పెద్దాయనకు ఈ సూత్రం చదివి వినిపించాను. ఉపరితలం అనగానే బ్రష్షు ఆపి ఆకాశంకేసి చూశాడు. "ఏటి మేస్టారూ, ద్రోణి గానీ పట్టిందేటి? రేడియోలో సెప్పలేదే!" జాలరికి ఉపరితలమంటే ద్రోణి, లేకపోతే ఆవర్తనం. రంగు పూయవలసినది కాదు, రంగు మాని ఇంటికి పోవలసినది. సూత్రకర్త తన తొలి పదంతోనే చేతిలో పని ఆపించగలిగాడు. కాళిదాసుకైనా ఇంత తక్షణ ఫలం దక్కిందో లేదో.

శుభ్రపరచి: స్పష్టము.

కష్టమొచ్చిన చోట పూర్వులు ఇదే మాట రాసి దాటిపోయారు. నాకు ఆ స్పష్టతలోంచి బయటపడడానికి పది రోజులు పట్టింది. ఎందుకంటే ఇక్కడ ఒక అధ్యాహారం ఉంది: 'బోల్టులు విప్పి' అని మనమే పూరించుకోవాలి. విప్పకుండా చుట్టూ పూసేస్తే రంగు అక్కడే ముందు లేస్తుంది. మా డెక్కు రెండు ఫైబరు పొరల మధ్య ప్లైవుడ్డు. బోల్టు కంత పక్కనుంచి చుక్క చుక్క నీరు దిగితే లోపలి చెక్క తడిసిన అప్పడమైపోతుంది. మొదటి కొక్కెం విప్పగానే కంతలోంచి కాఫీరంగు నీళ్లు కారాయి. బోల్టు తల అద్దంలా మెరుస్తోంది, మెడ మాత్రం అగ్గిపుల్లంత మిగిలింది. స్టెయిన్‌లెస్ అన్నది గాలి తగిలినంతసేపే స్టెయిన్‌లెస్. దాన్ని కాపాడే క్రోమియం పొర కట్టుకోవడానికి ఆక్సిజన్ కావాలి. ఊపిరాడని తడిలో ఇరుక్కున్న చోట అదీ మామూలు ఇనుమే. కాబట్టి ప్రతి కంతనూ పెద్దది చేసి, తడి ఆరనిచ్చి, ఎపాక్సీతో పూడ్చి, గట్టిపడ్డాక దాని నడుమ మళ్లీ బెజ్జం వెయ్యాలి. అప్పుడు నీరు దిగినా చెక్కకు తగలదు. ఇరవై రెండు కంతలు. సూత్రంలో వాటికి ఒక్క అక్షరం లేదు.

శుష్కమైన పిదప: ఇది ఈ గ్రంథంలోకెల్లా హాస్యరసం చిప్పిల్లే పదం.

మే నెల విశాఖలో ఆరడమనే క్రియకు కర్త దొరకడు. గాల్లో తేమ 85 శాతం దాటితే రంగు వెయ్యకూడదు. మంచు పట్టే ఉష్ణోగ్రత కంటే డెక్కు కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. తెల్లారి డెక్కు మీద చెయ్యి పెడితే తడి. మధ్యాహ్నం పెడితే బొబ్బ. నడుమ దొరికేది గంటన్నర. ఇక్కడ నాకొక శబ్దచర్చ తోచింది. స్టీలుప్లాంటు టౌన్‌షిప్ పేరు ఉక్కునగరం. దాని చివరి ఉకారం చెమటకు జారిపోతే ఉక్కనగరం. ఉక్కకూ ఉక్కుకూ చుట్టరికం ఉందంటే నిఘంటువులు ఒప్పుకోకపోవచ్చు, మా పడవ ఒప్పుకుంటుంది. ఉక్క పోసిన ప్రతిచోటా ఉక్కు చచ్చింది.

ఉక్కు అన్నది సామాన్యమైన మాటా! మన నోటి ఉక్కే దొరల నోట నలిగి వూట్జ్ అయిందని చాలామంది పండితుల మాట. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో కొలిమి దింపిన ఉక్కు ముద్దలు కొనుక్కుపోవడానికి పర్షియా వర్తకులు స్వయంగా వచ్చి, తూకం దగ్గర కూచునేవారు. డమాస్కస్ కత్తి అని లోకం జేజేలు కొట్టినదాని వెనక ఇలాంటి తెలుగు కమ్మరి కొలుములున్నాయి. కొల్చారానికీ కోనసముద్రానికీ మహా అయితే ఒక రోజు బస్సు ప్రయాణం. ఒకచోట పదాలు కాచారు, ఒకచోట ఇనుము కాచారు. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని వీధుల్లోకి వచ్చిన వాళ్లలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ప్లాంటుకు ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1992లో జాతికి అంకితమైంది. కడ్డీలు, వైరు చుట్టలు, యాంగిళ్లు కొండల్లా వస్తాయి. ఇంత చరిత్ర గల ఊళ్లో ఉప్పునీటికి తట్టుకునే రెండంగుళాల బోల్టులు ఇరవై రెండు కావాలని నాలుగు వీధులు తిరిగాను. స్టెయిన్‌లెస్ మన ప్లాంటు చెయ్యదు, అది సేలం వాళ్ల పని. ఆ సంగతి నాకూ తెలుసు. నాకు కావలసింది 316 రకం. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకు ఓర్చుకుంటుంది. ఒక కొట్టాయన 304 చేతిలో పెట్టి, "అదే ఇది సార్, కావాలంటే మాగ్నెట్ పెట్టి చూస్కోండి" అన్నాడు. ఆ రెండిటికీ అయస్కాంతం అంటదు. ఈ ప్రమాణంతో నేనూ మల్లినాథుడూ కూడా ఒకటేనని రుజువు చెయ్యొచ్చు.

ఎక్కడున్నాం? ఆరడం దగ్గర. ఇంకా ఆరలేదు.

పలుచని రెండు పూతలు: 'రెండు పూటలు' అని పాఠాంతరం. అదే సాధువని నా మతం. పూతకూ పూతకూ నడుమ ఎంతసేపన్నది డబ్బా గంటల్లో చెబుతుంది, ఆ గంటలు 25 డిగ్రీల దేశానివి. మన ఎండలో హార్డనర్ కలిపిన రంగు గిన్నెలోనే జున్నయిపోతుంది. పెద్దాయన లెక్క వేరు: వేలికి అంటకూడదు, గోటికి గీత పడాలి, అప్పుడే రెండోది. పూతకు నవీనులు 'కోటింగ్' అంటారు, పోలీసు స్టేషన్లలోనూ ఇదే పారిభాషికం. మొదటి కోటింగ్ డెక్కుకు పడింది. మర్నాడు తెల్లటి డెక్కు మీద మిరియప్పొడి చల్లినట్టు నల్లటి నలుసులు. పాత ఊళ్లో బట్టలారేసిన ప్రతి ఇల్లాలికీ ఆ పొడి తెలుసు. ఎక్కడిదని నన్నడక్కండి, గాలినడగండి. రెండో కోటింగ్ రాత్రంతా పట్టా కప్పకుండా వదిలేసినందుకు మేనల్లుడి చేతిలో నాకు పడింది.

కాలు జారకుండా రంగులో ఇసుక చల్లాలి. బీచ్ నుంచి సంచీడు మోసుకొస్తే పెద్దాయన పారబోయించాడు. "ఆ ఇసకలో ఉప్పుంటాది మేస్టారూ. తేమ లాక్కుని పొంగిపోతాది."

ఇక కొక్కేలు బిగించే ఘట్టం. పైన నేను స్క్రూడ్రైవరుతో బోల్టు తల కదలకుండా పట్టుకోవాలి. కింద వాడు వెల్లకిలా పడుకుని నట్టు తిప్పాలి. బోల్టు తిరిగితే చుట్టూ పెట్టిన సీలెంటు చెదిరిపోతుంది. ఒక్కసారే బిగించెయ్యకూడదు, ఉన్న సీలెంటంతా బయటికి కక్కేస్తుంది. సగం బిగించి, అది రబ్బరయ్యాక మిగతాది. "తిప్పకు మావయ్యా" అని డెక్కు కిందినుంచి అశరీరవాణి. నేను తిప్పలేదు. చెయ్యి చెమటకు జారింది.

నిపుణుని సంప్రదించవలెను: గంగ మీద పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని లక్షణ చేత తెలుసుకున్నట్టు, ఇక్కడా వాచ్యార్థం పట్టుకు వేళ్లాడరాదు. చెడితే మాది పూచీ కాదు అని ధ్వని. ఆనందవర్ధనుడు చూసి ఉంటే ధ్వన్యాలోకంలో చేర్చుకునేవాడు.

నవ్వు అక్కడితో సరి. అదే డబ్బా అడుగున, చీమతలకాయంత ఇంగ్లీషులో ఇంకో రెండు వరుసలున్నాయి. భూతద్దం పెట్టి చదివాను. హార్డనర్‌లో ఐసోసైనేట్లు ఉన్నాయి, ఆ ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు, తగిన మాస్కు లేకుండా వాడరాదు. పలుచగా పుయ్యమని ఏనాడూ ఒకరితో చెప్పించుకోనక్కర్లేని పెద్దాయనకు అది సమ్యక్కుగా తెలుగులో చెప్పారు. ఆయనకు తెలియనిది, తెలిసి తీరవలసింది ఒక్కటే ఉంటే, దాన్ని ఇంగ్లీషులో పాతిపెట్టారు. తెలుగు ముద్రించడానికి చోటు లేక కాదు, సమ్యక్కు తీసేస్తే పట్టేది. ఆయన మొహానికి తువ్వాలు చుట్టుకుని, బోటు లోపలి గదిలో, తలుపు దగ్గరగా వేసుకుని ఆ రకం రంగే పూస్తున్నాడు. పొద్దుట్నుంచీ దగ్గుతున్నాడు. చదివి వినిపించాను. "ముప్పయ్యేళ్లయింది బాబూ, ఇప్పుడు సెప్తారేటి?" అన్నాడు. తలుపు మాత్రం బార్లా తీశాడు.

గద్య:

ఇది విశాఖపట్టణ వాస్తవ్యుడును, మేనల్లుని మాట కాదనలేనివాడును, కుడిచేతి బొటనవేలికి కట్టు గలవాడును అగు ఒక విశ్రాంత అధ్యాపకునిచే రచింపబడిన సర్వంకష యందు ప్రథమ పూత. జూన్ 14 అర్ధరాత్రి బోట్లన్నీ వేటకు పోయినవి. మరునాడే వాన పట్టినది. రెండవ పూత, ఇరవై రెండవ బోల్టు, వర్షములు వెలిసిన పిదప.