తాళం అదే: ఒక వాట్సాప్ మూలానికి టీక, తాత్పర్యం

అవతారిక. 2020 మార్చి 20, శుక్రవారం. జనతా కర్ఫ్యూకి ఇంకా రెండు రోజులుంది. అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టు డ్యూటీ చేసుకుంటూ అక్కడే అద్దె గదిలో ఉంటున్న మా మేనల్లుడి దగ్గర్నుంచి నాకు ఒక మెసేజ్ వచ్చింది. నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. అర్థం కాని వాక్యం కనబడితే ఫోన్ చేసి అడగడం నాకు చిన్నతనం. టీక రాసుకోవడమే అలవాటు.

మూలం.
మావయ్యా స్టీమ్ లోంచి ఎల్లిపోతన్నాను. ఇక్కణ్ణించి హైవ్. రాతలన్నీ అక్కడా ఉంటాయి. తాళం అదే. డబ్బులికి కంగారు పడకు.

ప్రతిపదార్థం. మావయ్యా = ఓ మాతులుడా! స్టీమ్ లోంచి = స్టీమ్ అనెడి గొలుసుకట్టు లెక్కల పుస్తకము నుండి, ఎల్లిపోతన్నాను = వెడలిపోవుచున్నాను. ఇక్కణ్ణించి = ఇది మొదలుకొని, హైవ్ = తేనెపట్టు (నాకు ఆవాసము అని అధ్యాహారం). రాతలు + అన్నీ = నేను వ్రాసినవెల్ల, అక్కడా = అచ్చట కూడ, ఉంటాయి = ఉండగలవు. తాళం = దీని సంగతి కింద విస్తారంగా. అదే = మునుపటిదే. డబ్బులికి = ధనము కొఱకు, కంగారు = తత్తరపాటును, పడకు = పొందకుము.

పాఠాంతరం. ఇదే మెసేజ్ ఫ్యామిలీ గ్రూపులోనూ పెట్టాడు. అక్కడ ‘డబ్బులు పోలేదు’ అని పాఠం. వాళ్లమ్మ ‘ఏ డబ్బులు?’ అని అడిగిన మరుక్షణం దాన్ని తుడిచేశాడు. కనుక నాకు వచ్చిన ప్రతే ప్రామాణికం.

టీక.
స్టీమ్. ఆవిరి కాదు, స్పెల్లింగు వేరు. నెడ్ స్కాట్, డాన్ లారిమర్ అనే ఇద్దరు అమెరికన్లు 2016లో పెట్టిన గొలుసు, అంటే బ్లాక్‌చెయిన్. దాని మీద స్టీమిట్ అనే రచ్చబండ. అక్కడ ఏదైనా రాస్తే చదివినవాళ్లు ఓటేస్తారు. ఏడు రోజులకి లెక్క కట్టి, ఆ ఓట్ల బరువుని బట్టి నాణేలు ఇస్తారు. మావాడు కొండకర్ల ఆవ గురించి రాసేవాడు. చలికాలంలో దిగే పిట్టలు, రెండు తాటి మొద్దులు తొలిచి జోడించిన దోనెలు, దోనెలో కూర్చుంటే నడుముకి తగిలే నీటి చల్లదనం. ఎక్కడో కొరియాలో ఉన్నాయన ఓటేశాడని పొంగిపోయి, పకోడీ పొట్లంతో మా ఇంటికొచ్చాడొకసారి.

ఈ గొలుసులో పేజీలు రాసేవాళ్లని ‘విట్‌నెస్’లంటారు. సాక్షులు. మూడేసి సెకన్లకో పేజీ. ఓట్లలో ముందున్న 20 మంది, వంతు మీద వచ్చే మరొకరు, మొత్తం 21 మంది ఆవృత్తి వేసుకుంటారు. న్యాయస్థానంలో సాక్షి జరిగింది చెబుతాడు. ఇక్కడ సాక్షి రాసిందే జరిగినట్టు. ఆ సాక్షుల్ని ఎన్నుకునే ఓటు మనిషికొకటి కాదు. ఎవరి మూట ఎంత బరువైతే వాళ్ల ఓటు అంత బరువు. మూలకారుడు ఈ రహస్యాన్ని ఎక్కడా విప్పకపోయినా మూలమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఎల్లిపోతన్నాను. వెళ్లు ధాతువుకి ‘పోవు’ అనుప్రయుక్తం. ఆదిలోని వకారం మా వైపు నోళ్లలో నిలవదు. ‘ఎల్లొస్తాను’ అంటే తిరిగొస్తానని ఆశ ఉంటుంది. ‘ఎల్లిపోతన్నాను’లో అది లేదు.

ఎందుకు వెళ్తున్నాడు? 2020 ఫిబ్రవరిలో ట్రాన్ అనే మరో గొలుసుకి అధిపతి జస్టిన్ సన్ స్టీమిట్ కంపెనీని కొన్నాడు. గొలుసు పుట్టిన కొత్తలోనే కంపెనీ తనకోసం తవ్వి పెట్టుకున్న పెద్ద మూట కూడా దాంతో పాటు ఆయన చేతికొచ్చింది. మొత్తం నాణేల్లో దాదాపు ఐదో వంతు. ఆ మూటతో ఆయన ఓటేస్తే సాక్షులందరూ ఆయన మనుషులే అవుతారు. అది ముందే చూసి, ఆ నెలాఖర్లో పాత సాక్షులు ఆ మూటని కదలకుండా స్తంభింపజేశారు. ఆయన ఊరుకోలేదు. మార్చి 2న బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ అనే మూడు ఎక్స్ఛేంజీల నుంచి ఓట్లు పడ్డాయి. గంటల్లో 20 మంది సాక్షులూ మారిపోయారు. ఆ ఎక్స్ఛేంజీలు వేసిన ఓట్లు తమ నాణేలతో వేసినవి కావు, ఖాతాదార్లు దాచుకున్నవాటితో వేసినవి.

ఇది నాకు అనకాపల్లి బెల్లం మార్కెట్ తలుచుకుంటే గాని తలకెక్కలేదు. రైతు దిమ్మలు తెచ్చి కొట్లో దింపాడనుకోండి. సంఘం ఎన్నికలో దిమ్మకో ఓటు అని రూలు. రైతు ఇంటికెళ్లి అన్నం కలుపుకుంటుంటే కొట్టువాడు ఆ దిమ్మలన్నీ చూపించి ఓటు గుద్దేశాడు. ఇంకో చిక్కుంది. ఓటేయాలంటే దిమ్మల్ని గోదాంలో పెట్టాలి, పెట్టినవి వారానికి కొంచెం చొప్పున బయటికి రావడానికి అప్పట్లో 13 వారాలు పట్టేది. మర్నాడు రైతొచ్చి ‘నా బెల్లం’ అంటే ఏం చెబుతాడు? వానాకాలమైతే ఈలోపు పాకమైపోతుంది. మామూలు అప్‌గ్రేడ్ అనుకుని వేశామని బైనాన్స్ పెద్దలు అన్నారు, తర్వాత ఓట్లు వెనక్కి తీసుకున్నారు. తీసుకున్నారు సరే, చూడకుండా గుద్దిన ముద్ర కూడా ముద్రే కదా.

అన్నట్టు, అదే వారంలో, మార్చి 4న, క్రిప్టో వ్యాపారాలకి బ్యాంకులు సేవలందించకూడదన్న రిజర్వ్ బ్యాంక్ 2018 నాటి ఉత్తర్వుని మన సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక్కడ తలుపు తీశారో లేదో అక్కడ ఇల్లు తగలబడుతోంది. మావాడి జాతకం.

హైవ్. తేనెపట్టు. సన్‌కి లోబడని సాక్షులూ, ప్రోగ్రామర్లూ, రాసేవాళ్లూ కలిసి మార్చి 20న స్టీమ్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి నకలు తీశారు, ఆ క్షణం నుంచి కొత్త పేజీలు విడిగా రాసుకోవడం మొదలెట్టారు. దానికి యజమాని కంపెనీ లేదు.

రాతలన్నీ అక్కడా. ఈ ‘అక్కడా’లోని దీర్ఘమే మూలానికంతకీ ప్రాణం. సముచ్చయార్థకం. ‘అక్కడ’ అని హ్రస్వం రాసుంటే ఇక్కడ లేవని. దీర్ఘం వల్ల ఇక్కడా ఉన్నాయి, అక్కడా ఉన్నాయి.

శంక: వెళ్లిపోయినవాడు ఇక్కడ కూడా ఉంటే వెళ్లిపోవడం ఎలా అవుతుంది?

సమాధానం: సెజ్ కోసం ఊళ్లు లేచినప్పుడు మా చెల్లెలి అత్తవారూ లేచారు. తలుపులు, దూలాలు, రుబ్బురోలు ట్రాక్టర్ మీద వేసుకుని పునరావాస కాలనీకి వెళ్లారు. నూతిని వేసుకెళ్లలేకపోయారు. మా చెల్లెలు ఇప్పటికీ కాలనీ కుళాయి నీళ్లకి రుచి లేదంటుంది. మేనల్లుడి వలసలో నుయ్యి కూడా వచ్చింది. నీళ్లతో సహా. పాత నుయ్యి పాత చోటే ఉంది. ఇలాంటి వలస మా మండలంలో ఎవరూ చూడలేదు. అయినా వెళ్లిపోవడమే. ఎందుకంటే చేదుకునేవాళ్లు ఇటు వచ్చేశారు.

అయితే అందరి నుయ్యీ రాలేదు. ఇక్కడ వ్యాఖ్యాత మొహమాటపడకూడదు. కంపెనీ మూటని సన్ పేరున నకలు తీయలేదు, ఉమ్మడి నిధికి మళ్లించారు. అది న్యాయమే అనుకుందాం. ఆయన సాక్షులకి ఓటేసినవాళ్లు కొందరి పేర్లు కూడా పంపకంలో కొట్టేశారు. వాళ్లలో కొందరికి ఆ తర్వాత ఓటింగు పెట్టి తిరిగిచ్చారు. అవతలివాళ్లూ తక్కువ తినలేదు. మే 20న స్టీమ్ గొలుసులో 64 ఖాతాల్లోంచి సుమారు 2 కోట్ల 36 లక్షల నాణేలు లాగేసుకున్నారు. హైవ్‌కి తరలినవాళ్ల నూతులకి పాత చోట మూతలన్నమాట.

అచ్యుతాపురం పేరులోని అచ్యుతుడంటే చ్యుతి లేనివాడు, జారనివాడు, చెడనివాడు. ఈ గొలుసుల గురించి చెప్పేవాళ్లు కూడా అదే మాట చెబుతారు: ఒకసారి రాస్తే చెరగదు. రాత చెరగలేదు, నిజమే. రాతని ఎలా చదవాలో చెప్పే 20 మంది మారారు. పాఠం స్థిరంగా ఉండి వ్యాఖ్యానం మారితే ఎవరి ఆస్తి ఎవరిదవుతుందో మా శాస్త్రంలో వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

హైవ్‌లో కూడా మూట బరువే ఓటు. యజమాని లేడన్నారు గాని పెద్ద రైతులు లేరనలేదు. నా మెచ్చుకోలు వేరే దానికి. అదే ఏడాది అక్టోబర్‌లో ఒక సవరణ చేసుకున్నారు: గోదాంలో కొత్తగా పెట్టిన దిమ్మకి 30 రోజుల దాకా ఓటు లేదు. రాత్రికి రాత్రి సరుకు దింపి తెల్లారేసరికి సంఘాన్ని ఎత్తుకుపోయే పని ఇక కుదరదు. దెబ్బ తగిలినచోట కట్టుకున్న కట్టు అది.

తాళం. మన వ్యవహారంలో తాళమంటే కప్పా, దాన్ని తెరిచే చెవీ రెండూ. ఇక్కడ చెవి అనే లక్ష్యార్థం. మరో వ్యాఖ్య: తాళమనగా తాటిచెట్టు. ‘తాటిచెట్టు అదే’ అనగా కొండకర్ల దోనె అదే, కవి మారలేదు అని భావం. ఇది రమ్యంగా ఉంది గాని మూలకారుడికి అంత తీరిక లేదు. సంగీతపరమైన అర్థాన్ని పాడలేనివాణ్ణి కాబట్టి వదిలేస్తున్నాను.

చెవులు నాలుగు. రాతలకి పోస్టింగ్ కీ, డబ్బుకి యాక్టివ్ కీ, గుట్టుమాటలకి మెమో కీ, వీటన్నిటినీ మార్చగలిగిన ఓనర్ కీ. ఒక్కొక్కటీ 51 అక్షరాలు. పుస్తకం నకలు తీసినప్పుడు కప్పలు కూడా నకలయ్యాయి గనుక పాత చెవి కొత్త ఇంటికీ పట్టింది. ‘అదే’ అనడంలో అతిశయోక్తి లేదు, స్వభావోక్తి.

డబ్బులికి కంగారు పడకు. నేను పడలేదు. ఎంతుందో నాకు తెలియదు. వాడు కంగారు పడుతున్నాడని మాత్రం ఈ వాక్యం వల్ల వ్యంగ్యం.

తాత్పర్యం. మామా, ఇంటిని ఎవరో కొన్నారు. మేమంతా అలాంటిదే ఇంకో ఇల్లు కట్టుకుని సామానుతో సహా వెళ్తున్నాం. నీ దగ్గర దాచిన చీటీ పారేయకు.

విశేషాలు. ఆ చీటీ సంగతి. లాక్‌డౌన్‌కి ముందు సంక్రాంతికి వచ్చినప్పుడు, గదిలో నలుగురుంటారు దొంగలు పడతారని, ఓనర్ కీని బెల్లం కొట్టు బిల్లు వెనకాల రాసి నాకిచ్చాడు. నేను దాన్ని శబ్దరత్నాకరంలో తకారం దగ్గర పెట్టాను, తాళం అనే మాట ఉన్న పేజీలో. మొన్న ఆదివారం వాడి ఫోన్ పోయి, కొత్త ఫోన్‌తో వచ్చాడు.

‘మావయ్యా, ఆ చీటీ ఏదీ?’

తీసిచ్చాను. బెల్లం మరక వల్ల ఒక అక్షరం అలుక్కుపోయింది. ఈ చెవులు తయారుచేసినవాళ్లు లేఖకప్రమాదం ఎరిగినవాళ్లట. సున్నా, దాన్ని పోలిన పెద్ద ‘ఓ’, నిలువుగీతల్లా ఉండే పెద్ద ‘ఐ’, చిన్న ‘ఎల్’, ఈ నాలుగింటినీ అసలు వాడరని వాడు చెప్పాడు. మన తాళపత్ర లేఖకులకి ఆ బుద్ధి ఉంటే నా సగం ఉద్యోగం ఉండేది కాదు. కాని మరక కింద ఉన్నది అయిదో, ఎస్సో తేలలేదు. ఆ రెండూ వాడుకలో ఉన్నవే.

కళ్లద్దాలు పెట్టుకుని, పక్క అక్షరాల వాలు చూసి, వాడి పాత ఉత్తరాల్లో అంకెలు ఎలా వేస్తాడో గుర్తు తెచ్చుకుని, అయిదు అని నిర్ణయించాను. వాడు అయిదు కొట్టాడు. చెల్లదంది. ఎస్ కొట్టాడు. తెరుచుకుంది.

‘ఏటి మావయ్యా, నా చేతిరాత నాకు తెలీదా’ అన్నాడు.

పాఠం సవరించుకున్నాను.