ఒక్క వైరు కూడా కనిపించదు సార్!

త్రీడీ బొమ్మలో టీవీకి కరెంటు అక్కర్లేదు. ఇంటీరియర్ డిజైనర్ ల్యాప్‌టాప్ తెరిచి చూపించే హాలులో టీవీ గోడలోంచి మొలిచినట్టు ఉంటుంది. తెర మీద ఎప్పుడూ ఒక జలపాతం దూకుతూ ఉంటుంది. ఆ జలపాతం ఏ పెట్టెలోంచి వచ్చిందో, ఏ ప్లగ్గు మీద నడుస్తోందో బొమ్మ చెప్పదు. కింద సన్నటి అర, అరలో ఒక ఇత్తడి బుద్ధుడు, పక్కన ఏమీ లేని కూజా. "ఒక్క వైరు కూడా కనిపించదు సార్" అంటాడు డిజైనర్. అంతే, ఇంటాయన మారుమాట లేకుండా అడ్వాన్సు ఇచ్చేస్తాడు.

టీవీ కింద వైరు కనిపించడమంటే ఇప్పుడు పెళ్లిపందిట్లో చొక్కా కింద చిరుగు బనియను కనిపించడమే. చుట్టాలు చూస్తే పరువేం కాను?

వెనకటి ఈసీ టీవీల రోజుల్లో ఈ బెంగ లేదు. డాబా మీద యాంటెన్నా నుంచి చదునుగా ఒక తీగ కిటికీలోంచి దిగేది, అది సగర్వంగా దిగేది. వీధిలో అందరికీ కనబడాలనే దించేవాళ్లు. తర్వాత కేబుల్ వచ్చింది. 2013 మార్చి 31 గడువు పెట్టి హైదరాబాద్, విశాఖల్లో సెట్‌టాప్ బాక్సు లేనిదే కేబుల్ రాదని ప్రభుత్వమే తేల్చింది. ఆ బాక్సు వెనకాలే ఫైబర్ పెట్టె, రౌటర్, సౌండ్‌బార్, ఫైర్‌స్టిక్, కరెంటు పోయినా వైఫై పోకూడదని ఒక బుల్లి యూపీఎస్ వరసగా దిగాయి. ఒక్కోదానికి ఒక్కో అడాప్టర్. ఒక్కో అడాప్టరూ పక్క సాకెట్టును కూడా కబ్జా చేసేంత లావు. ఇవన్నీ ప్రతి ఇంట్లో ఉన్నాయని ప్రతివాడికీ తెలుసు. లేవని నటించడానికే టీవీ వెనక గోడకు కొట్టే ఆ గీతల గీతల ప్యానెల్.

నటన ఎలా సాగుతుందో చూడండి. సెట్‌టాప్ బాక్సును టీవీ యూనిట్ లోపల పెట్టి షట్టర్ బిగిస్తారు. చాలా బాక్సుల రిమోట్లు ఇప్పటికీ పరారుణ కాంతితోనే పనిచేస్తాయి. ఆ కాంతి లామినేట్ చెక్కలోంచి దూరదు, చెక్క ఎంత ఖరీదైనదైనా సరే. కాబట్టి చానెల్ మార్చాలంటే షట్టర్ తీయాలి. ప్రకటన వచ్చినప్పుడల్లా లేచి, తలుపు తీసి, చానెల్ మార్చి, మళ్లీ తలుపు మూసి కూర్చునే అత్తగారు రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉంటే చెప్పండి, శాలువా కప్పుదాం. మిగతా ఇళ్లలో షట్టర్ తెరిచే ఉంటుంది. అందులోంచి వైర్లన్నీ హాలులోకి తొంగిచూస్తుంటాయి.

రౌటర్‌ను ఇనుప పెట్టెలో పెట్టి మూత వేసేవాళ్లు ఇంకో రకం. ఇనుము రేడియో తరంగాలను ఆపేస్తుంది. వైఫై పడగ్గదికి రాదు. కంపెనీని తిడతారు, ప్లాను పెంచుతారు, చివరికి 'మెష్' అని ఇంకో రెండు పెట్టెలు కొంటారు. వాటికీ వైర్లుంటాయి. ఫైర్‌స్టిక్‌తో పాటు పొట్టి హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ ఇచ్చేది కూడా ఈ బాధకే, టీవీ వెనక ఇరుక్కోకుండా కొంచెం ఎడంగా ఉంటే వైఫై బాగా అందుతుందని. మనవాళ్లు దాన్ని అట్టపెట్టెలోనే ఉంచి, ఆ పెట్టెను అటక మీద భద్రంగా దాచుకుంటారు.

ఇక డబుల్ టేపు మీద తెలుగువాడికున్న నమ్మకం ఏ దేవుడి మీదా లేదు. రౌటర్, అడాప్టర్, పెన్‌డ్రైవ్ గుచ్చిన బుల్లి పెట్టె, అన్నిటినీ టీవీ వీపుకో వెనక గోడకో అంటించేస్తాడు. టీవీ వేడి, అడాప్టర్ వేడి, మే నెల బెజవాడ వేడి, మూడూ ఆ గాలాడని సందులో కలుసుకుంటాయి. ఏ అర్ధరాత్రో దబ్బుమంటుంది. టేపు మాత్రం నిజాయితీపరురాలు, పట్టుకున్న గోడను వదల్లేదు. గోడే తన లప్పాన్ని వదిలేసింది.

అసలు తమాషా ఫైబర్‌ది. అది రాగి తీగ కాదు, లోపల నడిచేది వెలుతురు. మూలలో మడిచి, జిప్ టై వేసి బిగించి, మీద ప్యానెల్ కొడితే వెలుతురు ఆ మడత దగ్గరే జారిపోతుంది. పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది. కంపెనీ కుర్రాడు వస్తాడు. మా అపార్ట్‌మెంటులో ఈ సంభాషణ గోడ అవతల నుంచి నాకు కంఠతా వచ్చేసింది.

"ప్యానెల్ విప్పాల సార్."

"విప్పడానికి రాదయ్యా, సిలికాన్ పెట్టి అంటించారు."

"వైరు ఎటు పోయింది సార్ లోపల?"

"నాకేం తెలుసు? కార్పెంటర్‌కి తెలుసు."

"ఆయన్ని పిలవండి సార్."

"బిహార్ వెళ్లిపోయాడు."

ఇంట్లో పిల్లలకు ఆన్‌లైన్ పరీక్ష. అమ్మగారికి సీరియల్. కుర్రాడు కాసేపు గోడను డాక్టరులా తట్టి చూసి, చేతి సంచీలోంచి కొత్త వైరు చుట్ట తీస్తాడు. కిటికీ దగ్గర మొదలెట్టి, తెల్ల క్లిప్పులు కొట్టుకుంటూ, నల్ల ప్యానెల్ మీదుగా అడ్డంగా లాగేస్తాడు. వైరు దాచడానికి కట్టిన గోడ మీద, ఇల్లంతటికీ కొట్టొచ్చినట్టు కనిపించే ఒకే ఒక్క వైరు!

జిప్ టై పాపం ఇందుకు పుట్టలేదు. మైనపు తాళ్లతో విమానాల తీగలకు ముడులు వేసి వేసి పనివాళ్ల వేళ్లు కాయలు కాస్తుంటే, 1958లో థామస్ అండ్ బెట్స్ అనే అమెరికా కంపెనీ దాన్ని తెచ్చింది. విమానంలో తీగను కట్టేది రేపు మెకానిక్ వచ్చినప్పుడు చేతికి అందాలని. మన హాలులో కట్టేది ఎవడికీ అందకూడదని.

ఇదే ఇంటాయన బాల్కనీలోకొచ్చి నిలబడితే ఎదురుగా స్తంభం ఉంటుంది. దానికి వేలాడే కేబుళ్ల గుత్తిలో బతికున్నవి ఏవో, చచ్చినవి ఏవో వేసినవాడికే తెలియదు. ఆయన హాలులోని జలపాతం వచ్చేది అక్కడి నుంచే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయాక, హైదరాబాద్ స్తంభాల మీది కేబుళ్లను విద్యుత్ సిబ్బంది తెగ కత్తిరించారు. ఇళ్లలో ఇంటర్నెట్ పోయింది, గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. నెట్ పోయిందని కేకలు వేసినవాళ్లలో ఎందరు ఆ స్తంభం వైపు అంతకు ముందు ఒక్కసారైనా తలెత్తి చూశారో నాకు అనుమానమే. ఇంట్లో జానెడు తీగకు సిగ్గుపడే మనిషికి వీధిలో మెడ మీదికి వేలాడే గుత్తి కనిపించదు. దానికి త్రీడీ బొమ్మ లేదు కదా.

వైర్లను చిందరవందరగా వదిలేయమని నేననడం లేదు. గోడలో పైపు వేయండి, కానీ హెచ్‌డీఎంఐ తల దూరేంత వెడల్పున, రేపటి కొత్త వైరును లాగడానికి లోపల ఒక తాడు వదిలి. జిప్ టై బదులు విప్పి కట్టుకునే వెల్‌క్రో పట్టీ వాడండి. ఏ అడాప్టర్ దేనిదో స్కెచ్ పెన్నుతో రాసి అంటించండి. ప్యానెల్‌కు స్క్రూలతో విప్పదగ్గ చిన్న తలుపు పెట్టించండి. ఇది చెబితే డిజైనర్లు జాలిగా చూస్తారు. స్క్రూ తల కనిపిస్తుందట.

మొన్న ఒకాయన రౌటర్‌కు మాత్రం పరిష్కారం చెప్పాడు. అలంకారం కోసం అరలో పెట్టే ఉత్తుత్తి పుస్తకాలుంటాయి కదా, పైకి అట్ట, లోపల ఖాళీ, అందులో ఒకదాన్ని రౌటర్‌కు తొడిగేస్తారట. అట్టలోంచి వైఫై దివ్యంగా వస్తుంది. ఆ ఇంట్లో ఒక పుస్తకంలోంచి ఏదైనా బయటికి రావడం బహుశా అదే మొదటిసారి.