ఒక పే స్లిప్ ఆత్మకథ

పే స్లిప్ అంటే ఒక నెల జీతం ఎంతగా పుట్టింది, ఎక్కడెక్కడ తెగింది, చివరికి ఎంత మిగిలింది అన్నది చూపే కాగితం. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్నది 2026 జనవరి నెలది. పుట్టింది హైదరాబాద్‌లో, ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో. దాని ఒంటి మీద ఉద్యోగి నంబరుకు, పీఎఫ్ ఖాతాకు, బ్యాంకు ఖాతాకు గడులున్నాయి కానీ ‘నేను’ అనుకోవడానికి గడి లేదు. అందుకే సొంత సంగతి చెప్పేటప్పుడూ ఇది ప్రథమ పురుషలోనే మాట్లాడుతుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద పుట్టిన చివరి మూడు నెలసరి స్లిప్పుల్లో ఇదొకటి. ఏప్రిల్ నుంచి వచ్చేవన్నీ 2025 నాటి కొత్త చట్టం కిందివి.

స్లిప్పు పుట్టుక హాజరు పట్టీతో మొదలవుతుంది. నెలాఖరుకు ముందే హాజరు లెక్క మూసేస్తారు. సెలవులు అయిపోయాక కూడా రాని రోజు ఉంటే ఆ రోజు జీతం కోస్తారు. ఈ స్లిప్పు స్థూల జీతం 1,10,000 రూపాయలు. నెలలో ఉన్న రోజులతో భాగించే సంస్థలో జనవరిలో ఒక రోజు విలువ 3,548 రూపాయలు, ఫిబ్రవరిలో 3,929. అదే మనిషి అదే ఒక్క రోజు మానేసినా ఫిబ్రవరిలో 381 రూపాయలు ఎక్కువ పోతాయి. కొన్ని సంస్థలు నెల ఏదైనా 30తోనే భాగిస్తాయి. దేనితో భాగించారన్నది స్లిప్పు మీద ఉండదు, అడిగి తెలుసుకోవాలి. పే స్లిప్ లెక్కల్లో తికమక చాలావరకు ఇలాంటిదే: ఒక్కో అంకె ఒక్కో కాలమానంలో మాట్లాడుతుంది. కొన్ని నెలవి, కొన్ని ఏడాదివి, కొన్ని ఉద్యోగం మొత్తానివి. అన్నిటినీ ఒకే కొలతకు తేకుండా పక్కపక్కన పెట్టి చూస్తే తప్పుడు జవాబే వస్తుంది.

దీనికి పూర్వీకురాలు ఆఫర్ లెటర్. అందులో సీటీసీ 14,40,000 అని ఉంది. పన్నెండుతో భాగిస్తే నెలకు 1,20,000. స్లిప్పు అడుగున ఉన్న నికర జీతం మాత్రం 99,300. నడుమ తగ్గిన 20,700లో మోసమేమీ లేదు. సీటీసీ అంటే ఉద్యోగి మీద సంస్థకు ఏడాదికయ్యే ఖర్చు. జీతం అందులో ఒక భాగం. స్థూల జీతం ఏడాదికి 13,20,000. సంస్థ కట్టే పీఎఫ్ 79,200. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది 31,731. మిగతా 9,069 ఆరోగ్య బీమా ప్రీమియం. పెళ్లి చూపుల్లో చెప్పుకునేది సీటీసీ, ఇల్లు గడిచేది నికర జీతంతో.

ఎడమ వైపు వరుస ఆదాయం. మూల వేతనం 55,000, ఇంటి అద్దె భత్యం 22,000, ప్రత్యేక భత్యం 33,000. ఈ మూడింటిలో కీలకమైనది మూల వేతనమే. పీఎఫ్, గ్రాట్యుటీ, అద్దె భత్యం మినహాయింపు అన్నీ దాని మీదే నడుస్తాయి. దాన్ని చిన్నదిగా చూపి భత్యాలను ఉబ్బించడం చాలా సంస్థలకు పాత అలవాటు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ దీనికి అడ్డు వేసింది: భత్యాలు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగాన్నీ వేతనంగానే లెక్కించాలి. ఈ స్లిప్పులో మూల వేతనం మొదటి నుంచీ స్థూల జీతంలో సరిగ్గా సగమే కాబట్టి దాని రూపం మారలేదు.

కుడి వైపు వరుస కోతలు. మొదటిది పీఎఫ్, మూల వేతనంలో 12 శాతం: 6,600. సంస్థ కూడా అంతే కడుతుంది కానీ అదంతా పీఎఫ్ ఖాతాకు చేరదు. 15,000 రూపాయల వేతన పరిమితి మీద 8.33 శాతం, అంటే 1,250, పింఛను పథకానికి పోతుంది. ఈ ఉద్యోగి మొదటి కొలువులో వేతనం 15,000 లోపే ఉండడంతో ఆ పథకంలో సభ్యత్వం అప్పుడే దక్కింది. 2014 సెప్టెంబరు నుంచి అంతకంటే ఎక్కువ వేతనంతో తొలిసారి చేరినవారికి ఆ పథకం లేదు. మిగిలిన 5,350 ఉద్యోగి వాటాతో కలిసి నెలకు 11,950 ఖాతాలో పడుతుంది.

పీఎఫ్ వడ్డీని నెలనెలా నిల్వ మీద లెక్కగట్టి ఏడాదికోసారి జమ చేస్తారు. 2024-25కు ప్రకటించిన రేటు 8.25 శాతం. తొలి ఏడాది కట్టే 1,43,400 మీద వచ్చే వడ్డీ సుమారు 5,400 మాత్రమే, ఎందుకంటే ఆఖరి నెలల సొమ్ముకు వడ్డీ పెరిగే వ్యవధి ఉండదు. అది చూసి నిరుత్సాహపడి ఉద్యోగం మారినప్పుడల్లా ఖాతా ఖాళీ చేసేవారు చాలామంది. ఇదే మొత్తం ఇదే రేటుతో 20 ఏళ్లు సాగితే కట్టేది 28,68,000, చేతికొచ్చేది సుమారు 70 లక్షలు. అయితే 20 ఏళ్ల తర్వాతి 70 లక్షలను నేటి 70 లక్షలనుకోకూడదు. ధరలు ఏటా 5 శాతం పెరిగితే అప్పటి 70 లక్షలకు నేటి లెక్కలో కొనుగోలు శక్తి 26 లక్షల చిల్లర. చక్రవడ్డీ మహిమ చెప్పే ప్రకటనలు ఈ రెండో సగం చెప్పవు. అసలు పొదుపే చేయకపోతే ఆ 26 లక్షలూ ఉండవన్నది వేరే మాట.

రెండో కోత వృత్తి పన్ను, 200. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నెల జీతం 15,000 వరకు ఇది లేదు. 20,000 వరకు 150, ఆపైన ఎంతున్నా 200. రాజ్యాంగం ఏడాదికి 2,500 దాటకూడదని కట్టడి పెట్టింది కాబట్టి లక్ష జీతానికీ పది లక్షల జీతానికీ ఒకటే కోత.

మూడోది ఆదాయపు పన్ను కోత, అంటే టీడీఎస్, 3,900. చూడడానికి నెల అంకె, నిజానికి ఏడాది అంచనాలో పన్నెండో వంతు. 2025-26లో కొత్త పన్ను విధానం ప్రకారం లెక్క ఇది: 13,20,000లో ప్రామాణిక తగ్గింపు 75,000 పోగా పన్ను పడే ఆదాయం 12,45,000. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం, ఆ తర్వాతి 4 లక్షలకు 10 శాతం, మిగిలిన 45,000కు 15 శాతం. కూడితే 66,750. ఆదాయం 12 లక్షలు దాటకపోతే 60,000 వరకు రిబేటు దొరికి పన్నే ఉండేది కాదు. 45,000 దాటినందుకు 66,750 కట్టించడం అన్యాయం కాబట్టి ఉపాంత ఉపశమనం అనే నియమం ఉంది: దాటిన మొత్తం కంటే పన్ను మించకూడదు. దాంతో పన్ను 45,000కు దిగింది. దానిపై 4 శాతం సెస్సు 1,800. మొత్తం 46,800, నెలకు 3,900.

ఇక్కడొక చిత్రం ఉంది. గతేడాది ఈ ఉద్యోగి స్థూల జీతం 12,75,000 అనుకుందాం. నేటి రేట్లలో దానికి పన్ను సున్నా. జీతం 45,000 పెరిగింది, పన్ను 46,800 పెరిగింది. ఇంక్రిమెంటు వచ్చి 1,800 నష్టం! పన్ను పడే ఆదాయం 12 లక్షల నుంచి సుమారు 12,70,600 దాకా ఉన్న ఈ ఇరుకు సందులో పెరిగిన ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది. దీనికి మందు కూడా చట్టంలోనే ఉంది. మూల వేతనంలో 14 శాతం వరకు సంస్థ జాతీయ పింఛను పథకమైన ఎన్‌పీఎస్‌లో కట్టే సొమ్ముకు కొత్త విధానంలోనూ మినహాయింపు దొరుకుతుంది. జీతంలోంచి 45,000ను ఆ దారికి మళ్లించమని సంస్థను అడిగితే పన్ను పడే ఆదాయం సరిగ్గా 12 లక్షలకు దిగి, 46,800 మొత్తం మిగులుతుంది. ఆ 45,000 రిటైరయ్యే దాకా దాదాపు కట్టుబడి ఉంటుంది, అయినా పన్నుగా పోవడం కంటే నయమే.

పాత విధానమే మేలని వాదించే సహోద్యోగి ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. లెక్క చూస్తే సరి. నెలకు 20,000 అద్దె కడితే అద్దె భత్యం మినహాయింపు మూడింటిలో చిన్నది: వచ్చిన భత్యం 2,64,000, మూల వేతనంలో 40 శాతం 2,64,000, అద్దెలోంచి మూల వేతనంలో పదో వంతు తీసేయగా 1,74,000. 2025-26లో ఈ నిబంధనలోని నాలుగు మహానగరాల జాబితాలో హైదరాబాద్ లేదు, అందుకే 50 కాక 40 శాతం. దీనికి ప్రామాణిక తగ్గింపు 50,000, 80సీ కింద 1,50,000, వృత్తి పన్ను 2,400 కలిపినా పాత విధానంలో పన్ను 1,05,269. అక్కడ 46,800కు దిగాలంటే మొత్తం మినహాయింపులు ఆరున్నర లక్షలు దాటాలి.

పుట్టిన వారానికే ఈ స్లిప్పు డిసెంబరు, నవంబరు తోబుట్టువులతో కలిసి బ్యాంకు బల్ల ఎక్కింది. గృహరుణానికి చివరి మూడు స్లిప్పులు అడగడం బ్యాంకుల వాడుక. అప్పు 30 లక్షలు, రేటు 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 26,035. మొదటి నెల వడ్డీ లెక్క ఎవరైనా వేయొచ్చు: 30 లక్షల మీద 8.5 శాతంలో పన్నెండో వంతు, 21,250. కాబట్టి కట్టిన 26,035లో అసలుకు జమ అయ్యేది 4,785 మాత్రమే. మొదటి ఏడాది 3,12,000 పైచిలుకు కడితే అసలు తరిగేది సుమారు 59,700. అసలు సగానికి దిగడానికి 13 ఏళ్ల 10 నెలలు పడుతుంది. మొత్తం మీద వడ్డీయే 32 లక్షల 48 వేలు.

ఇదే లెక్క తిరగేస్తే ముందస్తు చెల్లింపు బలం తెలుస్తుంది. మొదటి ఏడాది చివర అదనంగా ఒక లక్ష కట్టి, ఈఎంఐ తగ్గించకుండా గడువు తగ్గించమంటే 18 వాయిదాలు ఎగిరిపోతాయి. లక్ష కట్టి దాదాపు 4,70,000 తప్పించుకున్నట్టు. రేటు మారే గృహరుణం తీసుకున్న వ్యక్తుల నుంచి ముందస్తు చెల్లింపుకు జరిమానా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. రేటు పెరిగితే వ్యవహారం అడ్డం తిరుగుతుంది. ఆరంభంలోనే రేటు 9.5 శాతమై ఈఎంఐ కదలకపోతే గడువు 240 నెలల నుంచి 309కి జారుతుంది. ఈఎంఐ మారలేదు కదా అని సంతోషించేవారికి ఆ 69 నెలల సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

స్లిప్పు మీద కనపడని అప్పులూ ఉన్నాయి. ఊళ్లో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. బ్యాంకు 8.5 పక్కన ఆ రెండు చిన్నగా కనపడుతుంది, కొలత వేరు కాబట్టి. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం వేస్తే అది మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా అంత అడిగితే జనం నోరెళ్లబెడతారు. 12 శాతం ఫ్లాట్ రేటన్నది ఇంకో మాయ. లక్షకు మూడేళ్లలో వడ్డీ 36,000, వాయిదా 3,778. అసలు నెలనెలా తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే పడుతుంది. తగ్గే నిల్వ పద్ధతిలో చూస్తే ఇది 21 శాతం పైమాటే.

చీటీ లెక్క కూడా ఇలాగే విప్పాలి. ఇరవై మంది, నెలకు 5,000, ఇరవై నెలలు. పాట 20,000 తగ్గితే పాడినవారికి 80,000. నిర్వాహకుడి కమీషన్ 5,000 పోగా మిగిలిన 15,000 తలా 750. పాటలు తగ్గుతూ వచ్చి సగటున తలా 500 వచ్చిందనుకుంటే చివరిదాకా ఆగినవారు 90,000 కట్టి 95,000 అందుకుంటారు. లాభం అయిదున్నర శాతంలా కనపడుతుంది కానీ సొమ్ము సగటున తొమ్మిదిన్నర నెలలే బయట ఉంది. ఏడాది కొలతలో అది సుమారు 7 శాతం.

గ్రాట్యుటీ ఉద్యోగం మానినప్పుడు తేలే లెక్క. చివరి మూల వేతనాన్ని 26తో భాగించి 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఆరు నెలలు దాటిన ముక్కను నిండు ఏడాదిగా పట్టుకుంటారు. ఏడేళ్ల ఏడు నెలలకు 55,000 మీద 2,53,846. శాశ్వత ఉద్యోగి అయిదేళ్లు నిండకముందే వెళ్లిపోతే మామూలుగా ఏమీ రాదు, సీటీసీలో ఏటా చూపించినా సరే.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే పన్ను లెక్క చెదురుతుంది. ఈ ఉద్యోగి అక్టోబరులో అంతే జీతానికి వేరే సంస్థకు వెళ్లి పాత జీతం వివరాలు చెప్పకపోతే, కొత్త సంస్థ తనిచ్చే ఆరు నెలల 6,60,000 మాత్రమే చూసి పన్ను కోయదు. జూన్‌లో రెండు ఫారం 16లు వస్తాయి, రిటర్ను వేసే వేళ లోటు బయటపడుతుంది. ఆ లోటు మీద పన్ను శాఖ నెలకు ఒక శాతం వడ్డీ వేస్తుంది. చేరిన రోజే పాత సంస్థ ఇచ్చిన జీతం, కోసిన పన్ను వివరాలు ఫారం 12బీలో రాసిస్తే కొత్త సంస్థ మిగిలిన నెలల్లో ఆ తేడా సర్దుతుంది.