భుజపీడ: బావమరిది సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక. డాలస్‌లో ఉండే మా బావమరిది పాత నిస్సాన్ 240ఎస్‌ఎక్స్ కొన్నాడు. జపానువాళ్ల సిల్వియాకు అది అమెరికా చుట్టం. శనివారం వస్తే దాన్ని ట్రాకు మీద పక్కవాటుగా జారుస్తాడు. ఆ విద్యకు డ్రిఫ్టింగ్ అని పేరు. మొన్న వేసవిలో పవర్ స్టీరింగ్ పంపు బెల్టు కోసి పారేసి, చుట్టపుచూపుగా వెళ్లిన నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి ఈ సూత్రం ఉపదేశించాడు.

మూలం. “పవర్ స్టీరింగ్ ఎందుకు బావా, రోడ్డు చేతికి తెలియాలి!”

టీక. పవర్, ఎందుకు, రోడ్డు: ఇవి సులభం, వదిలేస్తున్నాను. బావా: సంబోధన ప్రథమా విభక్తి. ఎర వేయడం దీని ప్రయోజనం. చేతికి: షష్ఠి, ఏకవచనం. ఇక్కడ పాఠదోషం ఉంది. నాకు రెండు చేతులకూ తెలిసింది, స్టీరింగ్ కమ్మీ తగిలిన ఎడమ బొటనవేలికి విడిగా తెలిసింది.

స్టీరింగ్: పగ్గానికి ప్రతినిధి. పగ్గం అనగానే సారథి, సారథి అనగానే నలుడు. అయోధ్య నుంచి విదర్భకు ఋతుపర్ణుణ్ణి తీసుకుపోతున్నప్పుడు రాజుగారి ఉత్తరీయం జారిపడింది. ఆపమంటే, అది అప్పుడే యోజనం వెనకపడిందన్నాడు బాహుక వేషంలోని నలుడు. దారిలోనే ఇచ్చిపుచ్చుకోళ్లు జరిగాయి: నలుడు అశ్వహృదయం ఇస్తానన్నాడు, రాజు అక్షహృదయం ఇచ్చాడు. అక్షమంటే పాచిక అని పండితులందరూ తేల్చేశారు. అక్షమంటే ఇరుసు కూడా కదా! రథం తోలుతున్నవాడికి నడిదారిలో పాచికల పాఠమేమిటి? ఇరుసు గుండె ఎటు కొట్టుకుంటోందో చెప్పి ఉంటాడని నా మనవి. తర్వాత నలుడు తన రాజ్యం గెలుచుకున్న తమ్ముడు పుష్కరుణ్ణి పాచికల్లోనే గెలిచాడు కదా అంటారు. దానికి వేరే గ్రంథంలో సమాధానమిస్తాను. ఆ విద్య అందగానే నలుడి ఒంట్లో దూరి పీడిస్తున్న కలి, నలుణ్ణి కాటేసిన కర్కోటక సర్పం విషం కక్కుకుంటూ బయటికొచ్చి తాండ్రచెట్టులో దూరాడు. అక్కర్లేని మాట రాయనని ఒట్టు పెట్టుకున్న మన మెదక్ సీమ వ్యాఖ్యాత మల్లినాథసూరి ఈపాటికి లేచి వెళ్లిపోయి ఉంటాడు.

విషం కక్కడం దగ్గర ఆగుదాం, బావమరిదికి అక్కడ కాస్త న్యాయముంది. డ్రిఫ్టులో స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. పాత పంపు అంత వేగానికి నూనె అందించలేక మధ్యలో బిగుసుకుంటుంది. నూనె వేడెక్కి, నురగెక్కి, డబ్బా మూత సందుల్లోంచి కక్కుకుంటుంది. ఇది నిజం. అయితే దీనికి మందు కూలర్ తగిలించడం. కొందరు కరెంటు పంపు పెట్టుకుంటారు. పడిశం పట్టిందని ముక్కు కోసుకోరు.

శంక. వెనక చక్రాలు జారగానే, ముందు చక్రాలు క్యాస్టర్ వాలు వల్ల బండి పోయే దిక్కుకు వాటంతటవే తిరుగుతాయి. పట్టు సడలిస్తే చాలు. మరి పవరెందుకు? సమాధానం. వదలడం ఎవరైనా వదులుతారు. తిరుగుతున్న దాన్ని మళ్లీ పట్టుకునేది ఎవరు? పైగా క్యాస్టర్ పెంచినకొద్దీ స్టీరింగ్ బరువెక్కుతుంది. బావమరిది దాన్ని పెంచాడు కూడా.

అసలు మోసం ఇంకోటుంది. బెల్టు కోసినంత మాత్రాన అది మామూలు స్టీరింగ్ అయిపోదు. పవర్ ర్యాకు పళ్ల లెక్క పంపు సాయాన్ని నమ్ముకుని కట్టింది, కొద్ది చుట్లకే చక్రాలు పూర్తిగా తిరుగుతాయి. సాయం తీసేస్తే ఆ లెక్కంతా భుజం మీదికొస్తుంది. ర్యాకులో మిగిలిన నూనెను కవాటాల గుండా నెట్టే పని కూడా చేతులదే. రోడ్డు చేతికి తెలియాలన్నాడు. నా చేతికి తెలిసింది నూనె.

విశేషం. టయోటా హాచిరోకు కారును సూత్రకారుడు ప్రమాణంగా చూపిస్తాడు, డ్రిఫ్టింగ్ దిట్ట కెయిచి త్సుచియా 1987 నాటి వీడియోతో సహా. హాచిరోకులో కొన్ని పవర్ స్టీరింగ్ లేకుండానే వచ్చాయి, ఒప్పుకుంటాను. ఆ బండి వెయ్యి కిలోల లోపు. మావాడిది 1,200 పైన. ఇక రోడ్డు కబుర్లు ఆపకుండా చెప్పే సారథే కావాలంటే శల్యుడున్నాడు, కర్ణుడికి ఒరిగిందేమిటి?

ఆఫీసుకు మాత్రం బావమరిది వేరే కారులో వెళతాడు. దాన్ని చూపుడువేలితో తిప్పుతాడు. అప్పుడు రోడ్డు ఏ చేతికి తెలుస్తుందో మూలంలో లేదు.

తాత్పర్యం. మర్నాడు దువ్వెన నా తల దాకా లేవలేదు. మా ఆవిడే, అంటే సూత్రకారుడి అక్కే, దువ్వి పెట్టింది. పాపిడి తీస్తూ అడిగింది: “రోడ్డు తెలిసిందా?”