కోరల్ బావ

మా అక్క మొగుడు తెలుగు చదవడు. రాక కాదు, పదో తరగతిలో తెలుగుకి క్లాసు ఫస్టు వచ్చిన మనిషే. కాకపోతే తెనాలిలో డీటీపీ సెంటరు పెట్టినప్పట్నుంచీ ఆయనకి అక్షరంలో ఆకారం ఒక్కటే కనబడుతోంది. దాని వెనకాల అర్థం అనే సరుకొకటి ఉంటుందనీ, జనం కాగితం చేతిలోకి తీసుకునేది దానికోసమేననీ ఎప్పుడో మర్చిపోయాడు. పొద్దున్నే పేపరు చేతికిస్తే హెడ్డింగు వంక తదేకంగా చూసి, "ముఖ్యమంత్రిలో క్రారవడి మరీ కిందికి జారిపోయింది చూడరా" అంటాడు. ముఖ్యమంత్రి ఏమన్నాడు బావా అని అడిగితే, "ఏ ముఖ్యమంత్రి?" అంటాడు.

మాకు బావలిద్దరు. పెద్దాయన ఎల్ఐసీ బావ, ఈయన కోరల్ బావ. పిల్లలు పెట్టిన పేర్లు, అవే ఖాయమైపోయాయి. ఆయన పక్కన కూర్చుంటే పాలసీ అంటగడతాడు, ఈయన పక్కన కూర్చుంటే మన ఫొటో తీసుకుని దానికి షాడో పెడతాడు. రెండూ తప్పించుకోలేం.

ఈయన మొదలెట్టింది పేజ్‌మేకర్‌తో. 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌ని 1994లో అడోబీ వాళ్లు కంపెనీతో సహా కొనుక్కుని, 2001లో ఏడో వెర్షన్ విడుదల చేసి, ఆ తర్వాత చేతులు దులుపుకున్నారు. మా బావ దులుపుకోలేదు. బిల్లు బుక్కులు, కరపత్రాలు ఇప్పటికీ దాంట్లోనే. మిగతా లోకమంతా కోరల్‌డ్రాలో. 1989లో కెనడాలోని ఒట్టావా నుంచి వచ్చిన సరుకది. మంచు కురిసే ఊళ్లో కూర్చుని రాసుకున్న ప్రోగ్రాము గుంటూరు జిల్లాలో పెళ్లిళ్లకీ పెద్దకర్మలకీ దిక్కవుతుందని ఆ మహానుభావులు కల కూడా కని ఉండరు. బావ దగ్గరున్నది పన్నెండో వెర్షన్, 2004 నాటిది. వాళ్లబ్బాయీ అదీ ఒక ఈడువాళ్లు. ఇద్దర్లో ఎవరు మాట వింటారో ఆయనకి బాగా తెలుసు.

టూల్స్ పేర్లు ఆయన నోటికి రావు, మీటలే వస్తాయి. టెక్స్ట్ టూల్ అనడు, ఎఫ్ ఎయిట్ అంటాడు. షేప్ టూల్ అంటే ఎఫ్ టెన్. అసిస్టెంటు కుర్రాణ్ణి తిట్టేటప్పుడు కూడా "కంట్రోల్ కే కొట్టి పారేస్తా" అంటాడు. అంటే ముక్కలు ముక్కలు చేస్తాననే. మా హాల్లో గోడకి అమ్మ ఫొటో, నాన్న ఫొటో పక్కపక్కన తగిలించడానికి నేను స్టూలెక్కి టేపుతో కొలుస్తూ చెమటలు కక్కుతుంటే, ఈయన సోఫాలో వెనక్కి వాలి, "రెండిట్నీ సెలెక్ట్ చేసి ఈ కొడితే లెవెలుకొచ్చేసేవిగా" అన్నాడు. మేకు అందించమంటే మాత్రం అందించలేదు.

ఫ్లెక్సీల సీజన్లో ఈయన్ని పట్టుకోవడం కష్టం. ఫ్లెక్సీ అంటే బొమ్మల పని అనుకుంటాం గానీ అది పూర్తిగా కొలతల పని. పైన రాష్ట్ర నాయకులు, మధ్యలో ఎమ్మెల్యే నిలువెత్తు నమస్కారం, ఆయన పక్కన పుట్టినరోజు జరుపుకుంటున్న మండల నాయకుడు కాస్త తగ్గి. ఎంత తగ్గాలన్నది బావకి తెలుసు, ఆ నాయకుడికి తెలీదు. కింద వరసలో చందా ఇచ్చిన కుర్రాళ్లు గుండ్రాల్లో. ఐదొందలిచ్చినవాడికి మెడ దాకా, వెయ్యిచ్చినవాడికి ఛాతీ దాకా. చెవి దగ్గర సెల్‌ఫోను పెట్టుకుని దూరంగా చూస్తున్న పోజు కావాలంటే ఇంకాస్త పడుతుంది. ముఖాల్ని గుండ్రాల్లో కూర్చే ఆ పనిని పవర్‌క్లిప్ అంటారు. తల గుండ్రంలోకి ఎక్కించాక అది లోపల కాస్త జరిగి సగం చెవి తెగిపోతే, ఆ కుర్రాడు షాపుకొచ్చి గొడవ చేస్తాడు. "నా చెవేదన్నా?" అని. బావ మౌనంగా చెవి తెచ్చి ఇస్తాడు.

రంగుల దగ్గర మాత్రం బావ మాటకి తిరుగులేదు. నీలం అనుకుని సయాన్ నూరు, మెజెంటా నూరు పెట్టేస్తే స్క్రీన్ మీద నీలంగానే నవ్వుతుంది, విజయవాడలో మిషను మీద దిగేసరికి వంకాయ రంగు తేలుతుంది. అందుకని మెజెంటా తగ్గిస్తాడు. పసుపు దగ్గర ఇంకా జాగ్రత్త. దాంట్లో మెజెంటా ఇరవయ్యో ముప్పయ్యో కలిసిందంటే నాయకుడు తెల్లారేసరికి పార్టీ మారినట్టే.

చావింటికి వెళ్లినా ఆ కళ్లు ఊరుకోవు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ముందు నిలబడి చేతులు జోడిస్తూనే నా చెవిలో, "కటింగ్ చూశావా, జుట్టు దగ్గర కత్తిరించినట్టుంది, ఫెదర్ ఇవ్వలా" అంటాడు. పక్కనే పోయినాయన కొడుకు నిలబడి ఉంటాడు. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపిస్తుంది.

అలాగని ఈయన్ని తిట్టుకోడానికీ మనసొప్పదు. అర్ధరాత్రి ఎవరో తలుపు కొడతారు. పొద్దునకల్లా ఫ్లెక్సీ కావాలి, ఉన్నదల్లా ఒకటే ఫొటో, అది ఎవరి పెళ్లిలోనో తీసిన గ్రూపు ఫొటో. పోయినాయన భుజం మీద ఇంకెవరిదో చెయ్యి. బావ షాపు తెరిచి, ఫొటోషాప్‌లో క్లోన్ స్టాంపు పట్టుకుని, ఆ చేతిని వేలు తర్వాత వేలు తుడిపేసి, కింద చొక్కా గళ్లు ఒక్కొక్కటీ కలుపుకుంటూ వస్తాడు. నలిగిన కాలరు సరిచేస్తాడు. నుదుటి మీద ఫ్లాష్ మెరుపు తగ్గిస్తాడు. తెల్లవారుజామున ఆ మనిషి మొట్టమొదటిసారి ఒక్కడే, దర్జాగా నిలబడతాడు. మిషను ఖర్చు తప్ప తన కూలి తీసుకోడు. అంతా అయ్యాక కింద జననం 2019, మరణం 1951 అని వేసి పంపిస్తాడు. అంకెల షేపు భలే కుదిరిందని మర్నాడు నాకు ఫోన్ చేసి మరీ చెప్తాడు.

ఇక మా గృహప్రవేశం కార్డు సంగతి. గుంటూర్లో ఎవరికిచ్చినా రాత్రికి రాత్రి చేసి పెట్టేవాళ్లు. "నేనుండగా బయటివాడికి ఇస్తావా? డబ్బు మాటెత్తితే చూస్కో" అన్నాడు బావ. ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉచితంగా పని చేయించుకోవచ్చుగానీ చుట్టాల దగ్గర చేయించుకోకూడదు. గట్టిగా అడగడానికి నోరుండదు.

మా ఆవిడ పేరు జ్యోత్స్న. ఆ పేరు పెట్టినందుకు మా మావగారిని బావ ఇప్పటిదాకా క్షమించలేదు. త కింద స ఒత్తు, దాని కింద న ఒత్తు, మేడ మీద మేడ కాదు, నేలమాళిగ కింద నేలమాళిగ. అనూ ఫాంట్లలో ఈ ఒత్తులన్నీ విడివిడి ముక్కలు. ఎఫ్ టెన్ కొట్టి పేరు మీద క్లిక్ చేస్తే, ప్రతి ముక్క కిందా చిన్న చదరపు గడి ఒకటి కనబడుతుంది. దాన్ని మౌసుతో పట్టుకుని ఎటు కావాలంటే అటు లాక్కోవచ్చు. ఈ సదుపాయమే బావ కొంప ముంచింది, నా కొంప కూడా. న ఒత్తుని పట్టుకుని ఎడమకి ఓ వెంట్రుకవాసి లాగుతాడు. వెనక్కి వాలి చూస్తాడు. తల అడ్డంగా ఊపి మళ్లీ కుడికి లాగుతాడు. జూమ్ చేసి స్క్రీన్ నిండా న ఒత్తు ఒక్కటే ఉండేలా పెట్టుకుని, దాని తోక మొన వంక చూస్తూ కూర్చుంటాడు. పక్కన టీ తొరక కడుతుంది.

ఆ ఒత్తు కాస్తా కుదిరేసరికి అది కింది లైన్లో ఉన్న 'విచ్చేసి' నెత్తి మీది గుడికి తగిలింది. కింది లైను దించాడు. అది దిగేసరికి దాని కిందది దిగింది. ముహూర్తం దిగింది, చిరునామా దిగింది, చివరికి మా తమ్ముడి పేరు కార్డు బయటికి పోయింది. చోటు కోసం పైనున్న వినాయకుణ్ణి చిన్నది చేశాడు. మొదటిసారి చూసినప్పుడు బొద్దుగా ఉన్న స్వామి, కార్డు పూర్తయ్యేనాటికి పథ్యం చేసినవాడిలా తయారయ్యాడు.

తీరా గుంటూర్లో ప్రెస్సుకి వెళ్లాక, ప్లేటు వేయబోయే ముందు నేను చూశాను. గురువారం గృహప్రవేశమైతే కార్డులో బుధవారం ఉంది.

"బావా, ఇది చదివావా?" అన్నాను.

"చదవలేదురా, చూశాను" అన్నాడు, ఏమాత్రం తొణక్కుండా.

మార్చెయ్యొచ్చుగా అంటే, అది కర్వ్స్ అయిపోయిందన్నాడు. ప్రెస్సులవాళ్ల కంప్యూటర్లలో మన ఫాంట్లు ఉండవు కాబట్టి, పంపేముందు కంట్రోల్ క్యూ కొట్టి అక్షరాలన్నిట్నీ ఉత్త గీతలుగా మార్చేస్తారు. ఆ తర్వాత అది తెలుగు కాదు, బొమ్మ. అసలు ఫైలు తెనాలిలో ఉంది, షాపుకి తాళం వేసి ఉంది. ఈ ప్రెస్సులో అనూ లేదు. పెన్‌డ్రైవు తెరిచినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. బావ ఫైళ్లకి కస్టమర్ల పేర్లు పెట్టడు, గుర్తులు పెడతాడు. 'బట్టతల', 'బ్యాలెన్స్ 400', 'అరిచే ఆవిడ'. నా ఫైలు పేరు 'ఫ్రీ బామ్మర్ది'.

నేను చూడనట్టే ఉన్నాను. ఆయనా చూపించనట్టే ఉన్నాడు. కాసేపు కార్డు వంక చూసి, కుర్చీ ముందుకి లాక్కుని, చిరునామాలో ఉన్న 'గుంటూరు'ని పట్టుకున్నాడు. దాన్ని కాపీ చేసి విడగొట్టాడు. విడగొట్టగానే అక్షరాల కడుపులన్నీ నల్లగా పూడుకుపోయాయి. వాటిని మళ్లీ ఒక్కొక్కటీ కలిపి తెరిచాడు. సున్న తీసేశాడు, 'టూ' తీసేశాడు. మిగిలిందేమిటి? గురు. తీసుకెళ్లి 'బుధ' ఉన్నచోట కూర్చోబెట్టాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ప్రెస్సు ఓనరు నిజంగానే కొట్టాడు.

అక్కడితో అయిపోతే ఆయన మా బావ ఎందుకవుతాడు? ముహూర్తం అనుపమ ఫాంటులో ఉంది, చిరునామా ప్రియాంకలో ఉంది. అందువల్ల 'వారం' సన్నంగా, 'గురు' కాస్త లావుగా వచ్చింది. గృహప్రవేశానికి వచ్చినవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు. బావ మాత్రం బంతిలో పూర్ణాలు చల్లారిపోతుండగా కార్డు చేత్తో పట్టుకుని, వడ్డించే కుర్రాడితో సహా అందరికీ ఆ 'గు' చూపించి క్షమాపణలు చెప్పుకున్నాడు. వారం తప్పు పడినందుకు మాత్రం ఈరోజుదాకా ఒక్క మాట అనలేదు.

ఈయన సావాసంతో నాకూ కళ్లు చెడిపోయాయి. బస్సు బోర్డు మీద అక్షరాల్ని అడ్డంగా సాగదీసి ఉంటే ఊరి పేరు చూసుకోవడం మానేసి, మూల పట్టుకుని లాగాల్సింది పక్క పట్టుకుని లాగాడు వెధవ అని తిట్టుకుంటూ నిలబడతాను. బస్సు వెళ్లిపోతుంది.

యూనికోడంటే బావకి పడదు. తెలుగుకి దాంట్లో చోటు 1991లోనే వచ్చింది, ఫోన్లన్నీ దాంతోనే నడుస్తున్నాయి అని చెప్తే వినడు. ఆయన టైపు చేసిన మ్యాటర్ వాట్సాప్‌లో అతికిస్తే డాలరు గుర్తులూ, నెత్తిన చుక్కలున్న యూరప్ అక్షరాలూ వస్తాయి. మనం పంపిన మ్యాటర్ ఆయన పాత కోరల్లో అతికిస్తే లక్ష్మి కాస్తా పొల్లులు పెట్టుకుని ముక్కలు ముక్కలవుతుంది. "ఆడపిల్ల పేరు అలా విరగ్గొడతారట్రా?" అని నా మీద ఎగిరాడు, యూనికోడ్ నేనే కనిపెట్టినట్టు. పెద్దన, ధూర్జటి, తిమ్మన, సూరన్న అంటూ ఉచితంగా ఫాంట్లు వచ్చాయి బావా, మీ ఊరి తెనాలి రామకృష్ణుడి పేర కూడా ఒకటుంది అన్నాను. ఊరి మీద అభిమానంతో దించుకుని, దాంతో 'జ్యోత్స్న' అని కొట్టి చూశాడట. ఆ తర్వాత ఆ ప్రస్తావన తేలేదు.

మేనల్లుడు ఇంకో రకం. వాడికి కాన్వా ఉంది. 2013లో ఆస్ట్రేలియా నుంచి మొదలైన ఆ వ్యవహారంలో గీసేదీ లేదు, లాగేదీ లేదు. పూల డిజైను తయారుగా ఉంటుంది, పేర్లు మార్చుకోవడమే. వాళ్లక్క పెళ్లి కుదరగానే వాడు మంచం మీద పడుకుని, ఫోన్లో బొటనవేలితో కార్డు చేసి తండ్రికి చూపించాడు. బాగానే ఉంది, వారం కూడా సరిగ్గా ఉంది. బావ ఫోను తీసుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి, పెళ్లికూతురి పేరు మీద ఆగాడు. కళ్లజోడు సవరించుకున్నాడు. "దీన్ని నాకు పంపించు, కొంచెం సరిచేసి ఇస్తా" అన్నాడు.

నిన్న అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, పిలుపు ఇదే అనుకోండి, అందరూ రెండ్రోజులు ముందే వచ్చేయండి. కార్డు కోసం చూడకండి, మీ బావ చేస్తున్నారు."