తరుగు, మజూరీ

బంగారం కొట్లో మా ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుందంటే, కౌంటరు అవతలి కుర్రాడికి ఏసీలో కూడా చెమట్లు పడతాయి. గ్రాము రేటు గురించి ఆమె నోరెత్తదు. అది బోర్డు మీద ఉంటుంది, దానితో ఎవరికీ పేచీ లేదు. "తరుగెంత? మజూరీ ఎంత?" అని మొదలుపెడుతుంది. తెనాలిలో కంసాలి కొట్టు ఎదురింట్లో పెరిగిన మనిషి. ఎక్కాలకన్నా ముందు ఈ రెండు మాటలే నేర్చుకుందని మా మావగారు గర్వంగా చెబుతుండేవారు.

2013 జూలైలో ఒక సాయంత్రం పేపరు మడిచి చేత్తో పట్టుకుని వచ్చి, నన్ను పైనుంచి కిందికీ, మళ్లీ కిందినుంచి పైకీ చూసింది. ఆ చూపు నేనెరుగుదును. పాత గాజులు మార్పిడికి వేసేముందు చూసే చూపు.

"ఏమండీ, మీలో ఎంత తరుగు తియ్యొచ్చంటారు?"

అప్పుడు మేం దుబాయ్‌లో, కరామాలో ఉండేవాళ్లం. దుబాయ్ మునిసిపాలిటీ ఒక పోటీ పెట్టిందట. దాని పేరే 'మీ బరువుకు బంగారం'. ఒంట్లో కిలో తగ్గితే గ్రాము బంగారం ఇస్తారు. కనీసం 2 కిలోలు తగ్గాలి, ఆపైన ఎంత తగ్గితే అంత. జూలై 19న మొదలు, నెల రోజులు గడువు. అప్పటికి రంజాన్ మాసం నడుస్తోంది. జనమంతా ఉపవాసాలుండే నెల కదా, ఒళ్లు తగ్గించుకోవడానికి ఇంతకన్నా అదను ఏముంటుందని వాళ్ల ఆలోచన.

నాకు మాత్రం శ్రీకృష్ణ తులాభారం తలకిందులుగా కనబడింది. ఆ కథలో మనిషి కదలకుండా కూర్చుంటే బంగారం తెచ్చి పోస్తారు. ఇక్కడ మనిషిని తగ్గిస్తే బంగారం ఇస్తారు. ఆ మాటే అన్నాను. "అందులో చివరికి ఒక్క తులసి దళంతో పనైపోయింది. మీరు తులసి దళమంత తగ్గితే కుదరదు, రెండు కిలోలు కావాలి" అంది మా ఆవిడ.

అసలు సంగతి ఏమిటంటే, ఆ ఏడు ఆగస్టు 16న వరలక్ష్మీ వ్రతం. ఏటా ఆ పండక్కి ఒక లక్ష్మీరూపు కొని కలశం దగ్గర పెట్టడం వాళ్ల పుట్టింటి ఆనవాయితీ. కట్నంతోపాటు మా ఇంటికి వచ్చింది. గ్రాము 150 దిర్హాముల పైమాటే. 2 గ్రాముల రూపు నా పొట్టలోనే ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

పేరు రాయించుకునే రోజున నేను చేసిన పని ఇక్కడ దాచను. మధ్యాహ్నం ఉప్మా పెసరట్లు మూడు, పైన రెండు గ్లాసుల మజ్జిగ పట్టించాను. జీన్సు ప్యాంటు, ఇత్తడి బకిలు బెల్టు, జేబులో ఇంటి తాళాలు, ఆఫీసు తాళాలు, ఊళ్లో బీరువా తాళాలు. తూకం వేసే కుర్రాడు నవ్వుతూ ఒక ప్లాస్టిక్ గిన్నె ముందుకు తోశాడు. విమానాశ్రయంలో లాగా అన్నీ అందులో పెట్టేశాను. 91.4 కిలోలు. అందులో పెసరట్ల వాటా ఎంతో ఆ పెరుమాళ్లకే ఎరుక.

మర్నాటి నుంచి జబీల్ పార్కులో నడక. పథకం చెప్పడానికి బాగానే ఉంది. కానీ జూలైలో దుబాయ్ అంటే పగలు 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దుగూకినా వేడి తగ్గదు, పైగా తేమ. పది అడుగులు వేస్తే చొక్కా ఉతికి ఆరేయకుండా తొడుక్కున్నట్టుంటుంది. సాయంత్రం 5 గంటలకు బయల్దేరితే దాహం. దాహం వేస్తే నీళ్లు తాగకూడదు. రంజాన్‌లో పగటిపూట నలుగురిలో తినడం, తాగడం, పొగ తాగడం అప్పట్లో అక్కడ నేరం. ఏ మతంవాళ్లైనా సరే, నెల వరకూ జైలు లేదా 2,000 దిర్హాముల వరకూ జరిమానా. చూయింగ్ గమ్ నమిలినా అంతే. కారులో కూర్చుని సీసా ఎత్తినా అది వీధి కిందికే వస్తుంది.

శిక్షకన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది నా నోరు. నాది ఖాళీగా ఉండలేని నోరు. జేబులో సోంపు పొట్లం ఉంటుంది, చెయ్యి తనంతట తానే అటు వెళుతుంది. ఒకరోజు లిఫ్టులో అలవాటుగా చిటికెడు వేసుకుని చూద్దును కదా, ఎదురుగా తెల్లటి కందూరాలో ఒక పెద్దాయన. దవడ కదపకుండా 11 అంతస్తులు దిగాను. ఆయన ఏమైనా అడుగుతాడేమోనని తల మాత్రం భక్తిగా ఊపుతున్నాను. దిగేటప్పుడు ఆయనే నవ్వి "రమదాన్ కరీమ్" అన్నాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే సోంపు వాసన గుప్పుమంది.

ఆఫీసులో మాలాంటివాళ్ల కోసం ఒక చిన్న గది ఇచ్చారు. అద్దాలకు లోపలినుంచి పాత పేపర్లు అంటించారు. ఆ గదిలో ఇడ్లీ తింటుంటే చిన్నప్పుడు పూజ కాకముందే వంటింట్లో దూరి బూరె కాజేసినట్టు ఉండేది. ఎవరూ ఏమీ అనరు. అసలు నన్ను చూసేవాళ్లే లేరు. అయినా పక్క గదిలో పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లైనా తాగని మనిషి పద్దులు సరిచూస్తుంటే, పచ్చడిలోకి నెయ్యి సరిపోలేదని నేను విసుక్కోవడం నాకే ఎబ్బెట్టుగా అనిపించేది.

ఆ పక్క గది మనిషి మన హైదరాబాదు బార్కాస్ వాడు. నిజాం కొలువులో సైన్యానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి. సైనికుల బారక్స్ ఉన్నచోటు కనుకే బార్కాస్ అయింది. నాలుగైదు తరాల కింద అరేబియా నుంచి దక్కన్‌కు పోయిన కుటుంబం, ఈయన వచ్చి మళ్లీ అరేబియా అంచున ఉద్యోగం. అరబ్బీ నాకన్నా కొంచెమే ఎక్కువ వచ్చు. హైదరాబాదు హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని, ఆ పట్టా తన జేబులో ఉన్నంత ధీమాగా అక్కడి అరబ్బులకే చెబుతుంటాడు. వాళ్ల హరీస్ మాత్రం గోధుమలు, మాంసం, ఉప్పు, అంతే, మసాలా ఉండదు. "హరీస్ మా తాత భయ్యా, హలీం మనవడు. మనవడు హైదరాబాదులో చదువుకుండు, జరంత కారం నేర్సిండు" అంటాడు.

నా పోటీ సంగతి విని పడీపడీ నవ్వాడు. "రంజాన్‌లో బరువు తగ్గుతరా? నువ్వు సాయంత్రం ఏడు గంటలకు బయటకు రా, అప్పుడు తెలుస్తది" అన్నాడు.

తెలిసింది. మగ్రిబ్ వేళకు, అంటే 7 గంటల 10 నిమిషాలు అటూ ఇటూగా, నేను నడక ముగించి వస్తుండేవాణ్ణి. దారిలో మసీదు. ముందు పొడుగ్గా చాపలు పరిచి ఉంటాయి. మేస్త్రీలు, డ్రైవర్లు, గుమాస్తాలు వరసగా కూర్చుని ఉంటారు. ఎవరి ఊరు ఏది, ఎవరి మతం ఏది అని అడిగేవాడు లేడు. చెమటలో తడిసి ముద్దయి, గస పోస్తూ నడిచి వస్తున్న నన్ను చూసి, పాపం రోజంతా ఉపవాసమున్నాడని అనుకున్నారో ఏమో, ఒక పెద్ద మనిషి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేశాడు. నేను ఉపవాసం కాదని చెప్పడానికి నాకు భాష లేదు. ఉంటే చెప్పేవాణ్ణని ప్రమాణం చెయ్యలేను.

ముందు ఖర్జూరాలు. బేసి సంఖ్యలో తినడం ఆచారమని బార్కాస్ భాయ్ చెప్పి ఉన్నాడు. ఒకటి, మూడు, ఐదు. ఆచారాన్ని గౌరవించాలి కదా అని మూడు తిన్నాను. పక్కాయన ఇంకోటి చేతిలో పెట్టాడు. నాలుగయ్యాయి, సరి సంఖ్య. ఆచారం చెడిపోతుందని ఐదు చేశాను. అంతలో ఇంకొకాయన ఒకటి ఇచ్చాడు. ఆ రోజు పదకొండు దగ్గర ఆగాను. తర్వాత లబన్, అంటే మన మజ్జిగే, కాస్త చిక్కగా. ఆపైన బిర్యానీ. చివర్లో లుకైమాత్ అని చిన్న చిన్న ఉండలు: మన పునుగులకు ఖర్జూరపు పాకం పట్టిస్తే ఎలా ఉంటుందో అలా. అవి లెక్కపెట్టే ఆచారం లేదు.

ఇంటికి వెళితే మా ఆవిడ నా కోసం పుల్కాలు చేసి కూర్చుంది. అవీ తిన్నాను. లేకపోతే అనుమానం వస్తుంది.

పదిరోజులయ్యాక ఇంట్లో మిషనెక్కితే 92.

ఆ రాత్రి ఇంట్లో జరిగింది రాయను. "పదిరోజులు నడిచి మునిసిపాలిటీకి మనమే ఎదురు బంగారం బాకీ పడ్డాం" అన్న మాట ఒక్కటీ చెబితే చాలు.

మర్నాడు నా మొహం చూసి బార్కాస్ భాయ్ అడిగాడు, "ఒక్కరోజు నాతో రోజా ఉండరాదు?" అని. నాకు రోషం వచ్చింది. ఉపవాసాలు మాకు కొత్తా? శనివారం ఒంటిపూట మా వంశాచారం, ఏకాదశులు సరేసరి. ఆ మాట అన్నాక ఆలోచించాను. మా శనివారం ఒంటిపూటలో మధ్యాహ్నం భోజనం పూర్తిగా ఉంటుంది. రాత్రికి అన్నం ఉండదు, అంతే. దాని బదులు ఉప్మా, అట్లు, ఒక్కోసారి పూరీ. ఏకాదశికి బియ్యం కూడదు కనక బియ్యం తప్ప లోకంలో ఉన్నవన్నీ ఉంటాయి. మా నాయనమ్మ ఉపవాసాలుంటే ఇంట్లో పిల్లలందరికీ పండగ.

తెల్లవారుజామున 4 లోపు సహరీ తిని, సాయంత్రం దాకా, దాదాపు 15 గంటలు, నీళ్లు కూడా లేకుండా ఒక్కరోజు ఉన్నాను. ఆకలి పదకొండింటికి వచ్చి, పన్నెండింటికి విసుగేసి వెళ్లిపోయింది. దాహం మాత్రం వెళ్లలేదు. మూడింటికి ఆఫీసులో నీళ్ల కూజా బుడగ శబ్దం చేస్తే కన్నయ్య వేణువు విన్న గోపికలా లేచి నిలబడ్డాను. రంజాన్‌లో పనివేళలు రెండు గంటలు తగ్గిస్తారు, అందరికీ. ఆ రెండు గంటలు ఎందుకు తగ్గిస్తారో ఆ రోజే అర్థమైంది. అన్నాళ్లూ ఆ సమయంలో ఇంటికెళ్లి టిఫిను తిని పడుకునేవాణ్ణి.

ఇక ఆగస్టు వచ్చింది. అమావాస్య ఒకటే, కానీ ఆ అమావాస్య తర్వాతి నెలవంకతో వాళ్లకు రంజాన్ అయిపోయింది, మనకు శ్రావణం మొదలైంది. 8న ఈద్, ఆ ముందురోజే మా ఇంట్లో నీచు బంద్. బార్కాస్ భాయ్ ఇంటికి ఈద్‌కు రమ్మని ముందే పిలిచి ఉన్నాడు. శ్రావణ మాసమని ఎలా చెప్పాలా అని నేను నాన్చుతుంటే, ఆయనే అందుకున్నాడు: "సావణమాసం గదా? నాకెర్క లేదా? మా మొహల్లాల సగం మంది మీవాళ్లే. భాభీకి చెప్పు, మీ ఇద్దరికీ అలగ్ వంట."

అలగ్ వంట అంటే కూరగాయల బిర్యానీ, బగారా బైంగన్, మీద షీర్ ఖుర్మా, దాని మీద కుబానీ కా మీఠా, దాని మీద మీగడ. మాంసం మానేసిన పుణ్యానికి చక్కెర రెట్టింపైంది. మా ఆవిడ కూడా పోటీ సంగతి మరిచి రెండోసారి వడ్డించుకుంది. తిరుగు ప్రయాణంలో ట్యాక్సీలో ఇద్దరం మాట్లాడుకోలేదు.

గడువు ఇంకో వారం. సెలవులయ్యాక ఆఫీసులో భాయ్ ఏమీ తినకపోవడం చూసి, ఈద్ అయిపోయిందిగా అన్నాను. రంజాన్ తర్వాత వచ్చే షవ్వాల్ నెలలో ఇంకో ఆరు రోజాలు ఉంటారట. తప్పనిసరి కాదు, కానీ ఉంటే పుణ్యమట. "నేను కూడా ఉంటాను" అన్నాను. పుణ్యానికని చెప్పాను, ఆయన నమ్మినట్టు నటించాడు.

ఆ వారం నేను జీవితంలో మరచిపోను. రంజాన్ నెలంతా పేపర్లు అంటించిన గదిలో దాక్కుని తిన్నవాణ్ణి, ఊరంతా మళ్లీ నడివీధిలో షవర్మాలు తింటున్నప్పుడు నోరు కట్టుకుని తిరిగాను. కరామాలో ప్రతి హోటల్ తెరలు తీసేసింది. మసాలా దోసె వాసన మా సందు మలుపులోనే కాచుకుని ఉండేది. మా భవనం కాపలా ఆయన కరీంనగర్ వైపు మనిషి. నేను మంచినీళ్లు కూడా వద్దనడం చూసి, "ఏంది సారూ, పండుగ అయిపోయినంక ఒక్కపొద్దులా?" అన్నాడు. ఇఫ్తార్‌కు భాయ్ నాకు మూడే ఖర్జూరాలు ఇచ్చేవాడు. సంచి తన దగ్గరే పెట్టుకున్నాడు.

ఆఖరి తూకంలో 89.3. అంటే 2.1 కిలోలు. పై వంద గ్రాములకు లెక్క లేదు. బంగారం అప్పటికప్పుడు చేతిలో పెట్టరు కదా, నా చేతికి వచ్చింది తూకం చీటీ.

శుక్రవారం పొద్దున కలశం ముందు రూపు ఉండాల్సిన చోట మా ఆవిడ ఆ చీటీని పెట్టింది. నాలుగు మూలలా పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు. ముత్తైదువలు వచ్చి, కళ్లు చికిలించి, ఇదేదో యంత్రం కాబోలనుకుని దండం పెట్టుకుని వెళ్లారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మధ్యాహ్నం తొమ్మిది రకాల పిండివంటలు. ప్రసాదం వద్దనకూడదు.

శనివారం లేచి చప్పుడు కాకుండా మిషనెక్కాను. 90.2. దిగేలోపు వెనకనుంచి తొంగి చూసేసింది.

"తీసిన తరుగులో సుమారు సగం మజూరీ కింద పోయిందే" అన్నాను.

ఆమె కాసేపు మనసులో ఏదో లెక్క వేసుకుంది. "బంగారం ఇచ్చే రోజున మళ్లీ తూస్తారా?"

"తూయరనుకుంటా."

"అయితే ఆ డబ్బాలో నాలుగు బూరెలు మిగిలాయి, వేడిచేసి తెస్తానుండండి."