రాముడు బస చేయని ఊరు

శ్రీరామచంద్రుడి వనవాసం పద్నాలుగేళ్లు. అంటే సుమారు 5,100 రాత్రులు. తెలుగునాట ఊరి చరిత్రలు రాసినవాళ్లు చెప్పిందంతా నిజమైతే, ఆ మహానుభావుడు రాత్రికి మూడు నాలుగు ఊళ్లలో పడుకుని ఉండాలి. సీతమ్మవారు పసుపు నూరిన బండలకూ, లక్ష్మణస్వామి బాణం కొట్టి తెప్పించిన ఊటలకూ లెక్కే లేదు. ఇక పాండవులు అజ్ఞాతవాసానికి వచ్చి దాక్కోని గుట్ట ఏ మండలంలోనూ మిగల్లేదు. ఇంతమందికి తెలిసిపోయాక అదేం అజ్ఞాతవాసమో దుర్యోధనుడికే తెలియాలి.

ఈ చరిత్రలు పుట్టేది సంక్రాంతి సెలవుల్లో. హైస్కూలు స్వర్ణోత్సవమనో, పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనమనో మొదలవుతుంది. ‘మన ఊరి ఘన చరిత్ర’ అని సంచిక వేయాలని ఎవరో అంటారు. అమెరికాలో ఉన్నవాళ్లు డాలర్లు పంపుతారు, ఊళ్లో ఉన్నవాళ్లు ఫొటోలు పంపుతారు, చరిత్రను వాట్సాప్ గ్రూపు పంపుతుంది. నున్నటి ఆర్టు పేపరు మీద మంత్రిగారి సందేశం, ఎమ్మెల్యేగారి సందేశం, వెంచరు ప్రకటన, వీటి మధ్య ఇరుక్కుని రెండు పేజీల చరిత్ర. మొదటి పేజీలో రాముడు బస చేస్తాడు. రెండో పేజీలో శ్రీకృష్ణదేవరాయలు దండయాత్రకు పోతూ గుర్రం కట్టేస్తారు. ఆ గుర్రం విప్పగానే ప్రస్తుత సర్పంచిగారు వచ్చేస్తారు. నడుమనున్న 500 ఏళ్లూ ఊరు బహుశా కునుకు తీసింది.

‘ఏం చేయమంటారండీ, మా ఊరి గురించి ఎక్కడా రాసిలేదు’ అంటుంది సంపాదకవర్గం. నా పేచీ అంతా ఈ ఒక్క మాటతోనే. ఎక్కడ వెతికారయ్యా అంటే గూగుల్లో. అక్కడ పిన్‌కోడూ, ఎరువుల కొట్టు ఫోను నంబరూ దొరికాయట.

ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నామని వీళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. (వసూలు చేసిన పంచాయతీలూ మునిసిపాలిటీలూ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయడం తరచూ మరిచిపోతుంటాయి. అది వేరే పురాణం.) 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు, పెదపాలెం మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు వేసుకుని ఊళ్ల దగ్గరకే లైబ్రరీని తీసుకెళ్లారు. ఇప్పుడు ఊరి నుంచి బస్సెక్కి, బస్టాండు పక్కనే ఉన్న లైబ్రరీకి వెళ్లడం మహా ప్రయాణమైపోయింది. రాయలవారి గుర్రం కట్టిన చెట్టుకు సున్నం కొట్టిస్తారు గానీ, 1901 నుంచీ ఆయన పేరు మోస్తున్న హైదరాబాదు భాషానిలయం మెట్లెక్కరు.

ఎక్కితే ఏమవుతుంది? చిక్కే అవుతుంది. ముందు కైఫియత్తులు తగులుతాయి. రెండు వందల ఏళ్ల కిందట కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సాయంతో ఊరూరికీ మనుషుల్ని పంపి కరణాల దగ్గర సేకరించిన వివరాలవి. కడపలో బ్రౌన్ దొర బంగళా ఉన్నచోట వెలసిన గ్రంథాలయం ఆ జిల్లా కైఫియత్తుల్ని సంపుటాలుగా అచ్చేసింది కూడా. నిజం చెప్పుకోవాలంటే కైఫియత్తుల్లోనూ రాముడున్నాడు, అగ్రహారాలు దానమిచ్చిన జనమేజయుడున్నాడు. కరణంగారూ మనవాడే కదా! కానీ పురాణం అయిపోగానే ఆయన కలం పక్కన పెట్టలేదు. చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి మాన్యమెంత, ఎవరి దండు వచ్చినప్పుడు ఊరు పాడుపడింది, మళ్లీ ఎవరొచ్చి నిలబెట్టారు, ఇవీ రాయించాడు. మాన్యం ఊడిపోతుందన్న భయంతో ఆయన అబద్ధమాడినా, ఆ అబద్ధం వెనక ఎన్ని కుంచాల నేల ఉందో తెలుస్తుంది. మన సంచికలో అబద్ధానికి ఆ పాటి ఆదాయం కూడా లేదు.

ఆ పక్క బీరువాలో జిల్లా మాన్యువళ్లు. గార్డన్ మెకంజీ 1883లో వేసిన కృష్ణా జిల్లా మాన్యువల్లో 1833 నాటి గుంటూరు కరువుంది, 1864 నాటి బందరు ఉప్పెన ఉంది. మన పెద్దలు డొక్కల కరువని చెప్పుకున్నది ఆ మొదటిదాన్నే. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాక ఎవరెవరో పొట్ట చేతపట్టుకుని వచ్చి స్థిరపడ్డారని తేలితే, రాయలవారి కాలం నుంచీ ఇక్కడే పాతుకుపోయామని ముఖచిత్రం మీద వేసుకున్నవాళ్ల గతేం కాను?

అసలు ప్రమాదం పాత పత్రికల్లో ఉంది. వేటపాలెం సారస్వత నికేతనంలోనో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనో బైండు చేసిన ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంపుటం తెరవండి. అట్టలోంచి కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. పేజీ తిప్పుతుంటే అంచు అప్పడంలా విరిగి ఒళ్లో పడుతుంది. మద్రాసు వార్తలూ, లండను వార్తలూ దాటి కింది మూలకు దిగితే చిన్న అక్షరాల్లో పల్లెల కబుర్లు: రోడ్డు కావాలని అర్జీ, కలరా మరణాలు, పఠన మందిరానికి చందాలిచ్చినవారు, హరిజనుల్ని గుళ్లోకి రానివ్వాలా వద్దా అని రచ్చ. రానివ్వం అని అడ్డంపడ్డ పెద్దమనిషి ఇంటిపేరుతో సహా అక్కడే దొరికాడనుకోండి. ఆయన మనవడే సంచికకు ముఖ్యదాత. సంపాదకుడు ఏం చేస్తాడు? రాముణ్ని ఇంకో పేజీ పొడిగిస్తాడు.

అందుకే రాసిలేదన్నది తెలియక అన్న మాట కాదు, తెలివిగా అన్న మాట. కావలసింది చరిత్ర కాదు, సంబంధాలు చూసేటప్పుడు పనికొచ్చే వంశవృక్షం. లైబ్రరీలో దొరికేది కాగితం.

తెలంగాణలో కవులే పూజ్యం అని ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డిగారు ఫ్లెక్సీ కట్టించలేదు. ఊరూరి నుంచి కవుల పేర్లూ పద్యాలూ తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అదీ సంచికే. అందులో రాముడికి బస ఏర్పాటు చేయాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

‘అన్నీ స్కాన్ చేసేశారుగా, ఇంకా దుమ్ములోకి ఎందుకు?’ అనే బాపతు ఒకటుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోకి వేల తెలుగు పుస్తకాలు ఎక్కిన మాట నిజమే. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరి చేతికొచ్చినట్టు వాళ్లు కొట్టారు కాబట్టి, కావలసిన పుస్తకం పట్టుకోవాలంటే అంజనం వేయించాలి. దుమ్మే నయం. లైబ్రరీలో అడిగితే, గ్రూప్ టూకి చదువుకునే పిల్లల మధ్య నుంచి లైబ్రేరియన్ లేచి, మీరు ఆడిటువారేమోనని ఓసారి ఎగాదిగా చూసి, కాదని తేలాక బీరువా తాళం తీస్తాడు.

సంపాదకవర్గానికి లైబ్రరీ గుర్తొచ్చే సందర్భం ఒకటుంది. సంచిక అచ్చయ్యాక రెండు కాపీలు శాలువా కప్పించుకుని మరీ బహూకరిస్తారు. లైబ్రేరియన్ దానికీ ముద్ర కొట్టి, నంబరు వేసి, కృష్ణా మాన్యువల్ పక్కనే సర్దుతాడు. ఇంకో వందేళ్లకు ఓ పరిశోధక విద్యార్థి దాన్ని దుమ్ము దులిపి తీసి, 21వ శతాబ్దపు ప్రథమ ఆధారమని కింద గమనికలో వేసుకుంటాడు. రాముడి బస ఖాయమైపోతుంది, పేజీ నంబరుతో సహా.